జ్ఞానము నేర్చుకొనుట, పంచుకొనుట: తెలుగు సంఘ చరిత్ర చెప్పే పాఠము



శతాబ్ది ఉత్సవముల వేళ సంఘ చరిత్ర వ్రాయుమంటే మనము సాధారణముగా కట్టిన దేవాలయములను, నడిపించిన అధ్యక్షులను, స్థాపించిన బడులను, ఆసుపత్రులను వరుసగా వ్రాస్తాము. అది వ్రాయదగినదే. మేలు చేసినవారిని మరచిపోవుట మంచిది కాదు. అయితే నా మనస్సులో చాలాకాలముగా వేరొక ప్రశ్న ఉన్నది. మన తాతముత్తాతలలో ఎక్కువమందికి అక్షరము రాదు. వారి పిల్లలకు ఊరి బడి గుమ్మము తెరచి ఉండలేదు. పగలంతా పరుల పొలములో కూలి, రాత్రి గుడిసెలో చీకటి. అటువంటి ప్రజలు దేవుని వాక్యమును ఎట్లు నేర్చుకొన్నారు? నేర్చుకొన్నదానిని పొరుగు పల్లెకు ఎట్లు చేర్చారు? ఈ ప్రశ్నకు నాకు తెలిసినంతలో జవాబు వెదకుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

పరిశుద్ధ గ్రంథములో నేర్చుకొనుట, నేర్పుట అనే రెండు పనులు ఎప్పుడూ జంటగానే కనబడతాయి. ద్వితీయోపదేశ కాండము 6వ అధ్యాయములో మోషే తండ్రులకు ఇచ్చిన ఆజ్ఞ చూడండి. దేవుని మాటలు మొదట వారి హృదయములో ఉండవలెను. ఆ తరువాత వాటిని ఇంటిలోను, దారిలోను, పడుకొనే ముందు, లేచిన వెంటనే పిల్లలతో మాట్లాడవలెను. ఆ పాఠమునకు బడి లేదు, గంట లేదు. అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయములో అపొల్లో అనే విద్వాంసుడు ఉన్నాడు. లేఖనములలో ప్రవీణుడు, మాటలో నేర్పరి. అయినా అతనికి తెలియని సంగతి కొంత ఉన్నది. దానిని అతనికి చెప్పినవారు డేరాలు కుట్టుకొని బ్రదికే అకుల, ప్రిస్కిల్ల అనే దంపతులు. వారు పదిమందిలో అతనిని తప్పు పట్టలేదు. దగ్గరకు చేర్చుకొని చెప్పారు. ఆ పండితుడు కూడ చేతిపనివారి దగ్గర నేర్చుకొనుటకు సిగ్గుపడలేదు. తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలో అయితే నాలుగు తరములు ఒకే మాటలో ఉన్నవి: పౌలు తిమోతికి, తిమోతి నమ్మకమైన మనుష్యులకు, వారు ఇతరులకు. ఈ గొలుసులో ఏ ఒక్క లంకె విడిపోయినా తరువాతివారికి ఏమీ అందదు. మన తెలుగు సంఘ చరిత్రలో ఆ గొలుసు ఎక్కడ తెగినదో, ఎక్కడ అతుకుకొన్నదో చూద్దాము.

పెట్టెలో ఉండిపోయిన గ్రంథము

తెలుగు బైబిలు కథ విచారముతో ప్రారంభమవుతుంది. బెంజమిన్ షుల్జ్ అనే జర్మను మిషనెరీ 1719లో దక్షిణ భారతదేశమునకు వచ్చాడు. మద్రాసులో ఉండి తెలుగు నేర్చుకొన్నాడు. 1727 నాటికి క్రొత్త నిబంధనను, 1732 నాటికి పాత నిబంధనను తెలుగులోనికి తెచ్చాడు. అన్య భాషలో పుట్టినవాడు, నిఘంటువు లేని కాలములో, కొద్ది సంవత్సరములలో ఇంత పని చేయుట ఎంత శ్రమయో మనము ఊహించవచ్చును. ఆ వ్రాతప్రతులు సముద్రము దాటి జర్మనీలోని హాలే పట్టణమునకు చేరినవి. అక్కడ 1746, 1747 సంవత్సరములలో కొన్ని చిన్న తెలుగు పుస్తకములు అచ్చు పడ్డవి గాని, ఆ బైబిలు మాత్రము అచ్చు కాలేదు. ఏ తెలుగు పల్లెలోను ఎవరూ దానిని వినలేదు.

తప్పు ఎవరిదని విచారించుట నా ఉద్దేశము కాదు. నేర్చుకొన్నది ఉన్నది, వ్రాసినది ఉన్నది, భక్తి ఉన్నది. కాని పంచుకొనే దారి లేకపోయినది. అందుచేత సుమారు ఎనభై సంవత్సరములు తెలుగువారి చేతికి ఒక్క సువార్త కూడ అచ్చులో రాలేదు. ఈ పెట్టె సంగతి పాఠకులు జ్ఞాపకము ఉంచుకొనవలెనని కోరుతున్నాను. వ్యాసము చివర మరల దానియొద్దకు వస్తాను.

విశాఖపట్నములో గురువే శిష్యుడు

1805లో లండను మిషను తరఫున జార్జి క్రాన్, అగస్టస్ డిగ్రాంజిస్ అనే ఇద్దరు యౌవనస్థులు విశాఖపట్నము చేరారు. బోధించుటకు వచ్చినవారు మొదట విద్యార్థులై కూర్చొనవలసి వచ్చినది. వారికి తోడుగా ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడు వచ్చాడు. ఆయన తమిళ దేశములో బాప్తిస్మము పొందినవాడు, తెలుగు బాగుగా ఎరిగినవాడు. ఆ దొరలకు గ్రీకు తెలుసు. ఈయనకు తెలుగు తెలుసు. ఒకరికి తెలిసినది మరియొకరికి ఇచ్చుకొంటూ సువార్తలను తెలుగు చేశారు.

వారి ఆయుష్షు కొద్దిదే. క్రాన్ 1809లో, డిగ్రాంజిస్ 1810లో ఈ నేలలోనే కన్ను మూశారు. తాము చేసిన పని అచ్చులో చూచుకొనే భాగ్యము వారికి లేకపోయినది. కాని ఈసారి వ్రాతప్రతి పెట్టెలో ఉండిపోలేదు. 1812లో మత్తయి, మార్కు, లూకా సువార్తలు సేరంపూరులో తెలుగున అచ్చు పడ్డవి. వారి తరువాత విశాఖపట్నము వచ్చిన ప్రిచెట్ గారు ఆ పనిని అందుకొని క్రొత్త నిబంధనను ముగించగా అది 1818లో మద్రాసులో అచ్చయినది. షుల్జ్ ఒంటరిగా మోసిన భారమును ఇక్కడ ఒకరి తరువాత ఒకరు భుజము మార్చుకొని మోశారు. తేడా అక్కడనే ఉన్నది.

బందరు బడి

1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే ఇద్దరు చర్చి మిషనెరీలు బందరు చేరారు. ఫాక్స్ ఊరూరా తిరిగి బోధించే పనికి పూనుకొన్నాడు. నోబుల్ గారు 1843లో బడి పెట్టారు. అది మొదలు 1865లో చనిపోయేవరకు ఆయన స్వదేశమునకు మరల వెళ్ళలేదు. అదే బడి తరువాత నోబుల్ కళాశాలగా పేరు పొందినది. 1852లో ఆ బడి విద్యార్థులలో ఇద్దరు, మంచాల రత్నము, అయినాల భూషణము, బాప్తిస్మము పొందినప్పుడు బందరు పట్టణమంతా అట్టుడికినది. పిల్లలను బడి మాన్పించారు. ఆ ఇద్దరూ తరువాత బోధకులై సంఘమునకు సేవ చేశారు. ఒక గురువు ఒక చోట నిలకడగా కూర్చొని ఇరవై సంవత్సరములకు పైగా పాఠము చెప్పితే ఏమి జరుగునో ఆ బడి చూపినది.

అయితే చరిత్ర వ్రాసేవాడు ఒక వైపే వ్రాయరాదు. ఆ బడి అగ్రకులముల పిల్లలకొరకు సాగినది. పల్లె పిల్లలకు అందులో చోటు లేదు. పై కులములవారు మొదట నేర్చుకొంటే వారినుండి జ్ఞానము క్రిందికి దిగివచ్చునని ఆ కాలములో అనేకులు తలంచారు. దేవుడు ఆ దారి కోసము కనిపెట్టలేదు. ఏ గుమ్మములోనికి రానియ్యలేదో ఆ ప్రజలలోనుండియే ఆయన తన గురువులను లేపాడు.

రాఘవాపురము పెద్ద

బెజవాడలో టి. వై. డార్లింగు గారు అనేక సంవత్సరములు బోధించినా ఫలము కనబడక మనస్సు క్రుంగి ఉన్న రోజులవి. రాఘవాపురము మాలపల్లెలో పగోలు వెంకయ్య అనే పెద్దమనిషి ఉండేవాడు. విగ్రహములయందు అతనికి నమ్మకము పోయినది. నిజమైన దేవుడెవరో తనకు తెలియలేదు. తెలియని ఆ దేవునికే ప్రార్థన చేసి, నీవెవరవో నాకు కనబడుమని వేడుకొనేవాడని మన పెద్దలు చెప్పుకొనేవారు. 1859లో ఆ వెంకయ్య డార్లింగు గారి నోట సువార్త విన్నాడు. తాను వెదకుచున్నవాడు ఈయనేనని గుర్తుపట్టాడు. అతడు, అతనివారు బాప్తిస్మము పొందారు.

ఆ తరువాత జరిగినదే మన అంశమునకు ముఖ్యము. వెంకయ్య పండితుడు కాడు. వేదాంత పాఠశాలకు వెళ్ళినవాడు కాడు. అయినా తాను విన్నదానిని కృష్ణా తీరపు పల్లెలలో ముప్పది సంవత్సరములపాటు బంధువులకు, బంధువుల బంధువులకు చెప్పుతూనే ఉన్నాడు. పెండ్లికి వెళ్ళినా అదే మాట, చావు ఇంటికి వెళ్ళినా అదే మాట. మిషను జీతగాడై కాదు; ఆకలిగొన్నవాడు తనకు అన్నము దొరికిన చోటును మరియొక ఆకలిగొన్నవానికి చూపినట్లు చూపాడు. బందరు బడిలో చోటు లేని ప్రజలు వెంకయ్య చుట్టు కూర్చొని నేర్చుకొన్నారు. మన ప్రాంతపు సంఘములలో అనేకము ఆ దారిలో పుట్టినవే.

కాలువ గట్టున పాఠశాల

మన సంఘము కాకపోయినా పొరుగువారైన బాప్తిస్టు సహోదరుల చరిత్రలోని ఒక సంగతి ఇక్కడ చెప్పక తప్పదు. ఎర్రగుంట్ల పేరయ్య మాదిగ కులమున పుట్టి తోళ్ళ వ్యాపారము చేసుకొనేవాడు. మొదటినుండి గురువులను ఆశ్రయించి యోగమార్గమును అభ్యసించినవాడు. వ్యాపారము మీద ఏలూరు వైపు వెళ్ళినప్పుడు మిషనెరీల మాటలు విన్నాడు. 1866లో బాప్తిస్మము పొందాడు. ఒంగోలు ప్రాంతపు పల్లెలు మొదట విన్నది దొర మాట కాదు, ఈ పేరయ్య మాట.

1876 నుండి 1878 వరకు మద్రాసు రాజధానిలో ఘోరమైన కరువు వచ్చినది. క్లౌ గారు బకింగుహాము కాలువలో మూడు మైళ్ళకు పైగా త్రవ్వే పనిని కంట్రాక్టుకు తీసుకొని ఆకలితో ఉన్న వేలమందికి కూలి ఇప్పించారు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టారు. పలుగు, పార పక్కన పెట్టి జనము కూర్చొనే వేళ ఆ మేస్త్రీలే వారి మధ్య కూర్చొని వాక్యము చెప్పేవారు. రేపు ఏమి తింటామో తెలియని మనుష్యునికి ఆదరణ మాట చెప్పుట తేలిక కాదు. చెప్పినవారు కూడ అదే గంజి త్రాగేవారు గనుక విన్నవారు నమ్మారు.

క్లౌ గారు మరియొక జాగ్రత్త పడ్డారు. అన్నము కోసము క్రైస్తవులయ్యారనే మాట రాకుండ కరువు పని సాగినంత కాలము ఎవరికీ బాప్తిస్మము ఇవ్వలేదు. పని ముగిసిన తరువాత, పంచి పెట్టుటకు చేతిలో ఏమీ లేనప్పుడు, 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ దినమున నీటిలో దిగి బాప్తిస్మము ఇచ్చినది క్లౌ గారు కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరు చొప్పున వంతులు వేసుకొని ఇచ్చారు. ఎవరు నేర్పినారో వారి చేతుల మీదుగానే ఆ పని జరుగుట సబబుగా ఉన్నది.

పాటే పుస్తకము

చదువురాని సంఘమునకు పాటే పుస్తకము. ఈ సంగతి మన కీర్తనకారులు ఎరుగుదురు. 1803లో జన్మించి 1890లో ప్రభువునందు నిద్రించిన పురుషోత్తమ చౌదరి గారు వందకు పైగా కీర్తనలు వ్రాశారు. రాగము, తాళము, పల్లవి, చరణము, అన్నీ మన దేశపు పద్ధతి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు అనే మన పుస్తకములో ఆయన కీర్తనలు లూథరనులకు, బాప్తిస్టులకు, ఆంగ్లికనులకు, అందరికీ సొత్తే. సిద్ధాంతములో వేరైన మిషనులు పాటలో ఒక్కటయ్యాయి.

ఈ కీర్తనలు ఊరికే ఆనందము కోసము పాడుకొనేవి కావు. సృష్టి మొదలు సిలువ వరకు, పునరుత్థానము వరకు వేదాంతమంతా వాటిలో ఉన్నది. కంజీర, తాళములు పట్టుకొని భజన చేస్తే ఒకరు చరణము అందిస్తారు, పదిమంది తిరిగి అంటారు. నాలుగు రాత్రులు గడిచేసరికి పాట నోటికి వస్తుంది. పాటతోబాటు పాఠమూ వస్తుంది. నాటు వేసేటప్పుడు, కలుపు తీసేటప్పుడు ఆ పాట పొలములోనికి వెళ్ళుతుంది. పక్క సాలులో ఉన్న పొరుగామె వింటుంది. ఏ మిషనూ ఖర్చు పెట్టని ప్రచారము అది.

డోర్నకల్ పాఠశాల

ఇక డోర్నకల్ సంగతి. తిరునెల్వేలి జిల్లా వెల్లాలన్‌విళై గ్రామములో 1874 ఆగస్టు 17న పుట్టిన వేదనాయగము శామ్యూల్ అజరయ్య గారి మాతృభాష తమిళము. వై. ఎం. సి. ఎ. కార్యదర్శిగా దేశమంతా పేరు పొందినవారు. తిరునెల్వేలి క్రైస్తవులు తమ సొంత కానుకలతో 1903లో ఇండియన్ మిషనెరీ సొసైటీ స్థాపించి నైజాము రాష్ట్రములోని తెలుగువారి మధ్య పని ప్రారంభించారు. ఇతరులను పంపుట మాత్రమే చాలదని తలంచి, 1909లో అజరయ్య గారే ఆ పట్టణ ఉద్యోగము విడిచి డోర్నకల్ చేరారు. ముప్పది అయిదేండ్ల వయస్సులో పలకబట్టి తెలుగు నేర్చుకొన్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో అభిషేకము పొంది ఆంగ్లికను సంఘములో మొదటి భారతీయ బిషప్పు అయ్యారు.

ఆ రోజులలో డోర్నకల్ అధ్యక్ష ఖండము చిన్నది. 1945 జనవరి 1న ఆయన ప్రభువు సన్నిధికి చేరే నాటికి అందులోని క్రైస్తవులు రెండు లక్షలు దాటారు. వారిలో అత్యధికులు పల్లెవారు, పేదలు, చదువురానివారు. ఇంతమందికి ఎవరు నేర్పవలెను? బిషప్పుగారు ఈ ప్రశ్నకు ఇచ్చిన జవాబు మూడు విధములుగా కనబడుతుంది.

మొదటిది, పల్లె ఉపాధ్యాయుడు. ప్రతి సంఘమునకు ఒక ఉపదేశి ఉండవలెను. అతడు పగలు పిల్లలకు అక్షరములు దిద్దించవలెను, రాత్రి పెద్దలకు ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణము, పది ఆజ్ఞలు నేర్పవలెను. అతనితోబాటు అతని భార్య కూడ డోర్నకల్‌లో తర్ఫీదు పొందవలెనని ఆయన పట్టుబట్టారు. పంతులు నేర్పేది మగవారికి, పంతులమ్మ నేర్పేది ఇంటిల్లిపాదికి. ఈ స్త్రీల పేర్లు మన చరిత్రలలో తక్కువగా కనబడతాయి. కాని వారు లేకపోతే రెండవ తరము క్రైస్తవులు మనకు లేరు.

రెండవది, బ్రదుకును విడిచిన జ్ఞానము జ్ఞానము కాదనుట. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అనే నాలుగు దయ్యములు పల్లెను పట్టి పీడిస్తున్నవని బిషప్పుగారు చెప్పేవారు. విశ్వాస ప్రమాణము వల్లించి సాయంకాలము కల్లు పాక చేరినవాడు పాఠము నేర్చుకోలేదనే ఆయన లెక్క. 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన డోర్నకల్ కెథెడ్రల్ కూడ ఈ ఆలోచనకు సాక్షి. గుమ్మటములలో మసీదు పోలిక, స్తంభములలో దేవాలయ మంటపము పోలిక కనబడతాయి. క్రీస్తు ఈ దేశమునకు పరాయివాడు కాడని చదువురానివానికి కూడ ఆ రాళ్ళు చెప్పుతాయి.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. బాప్తిస్మము పొందిన ప్రతివాని చేత బిషప్పుగారు తమ చేయి తలమీద ఉంచుకొనుమని చెప్పి, తాను బాప్తిస్మము పొందినవాడనని, సువార్త ప్రకటింపకపోతే తనకు శ్రమయని పలికించేవారు. మొదటి కొరింథీ పత్రిక 9వ అధ్యాయములో పౌలు తన్నుగూర్చి చెప్పుకొన్న మాట అది. దానిని ఆయన నిన్న మొన్న నమ్మిన పాలేరు నోటికి, కూలి తల్లి నోటికి ఇచ్చారు. ఇంకా నేర్చుకొని, పరిపూర్ణుడవై, తరువాత నేర్పుమని చెప్పలేదు. తల మీది నీళ్ళు ఆరకముందే నేర్పే బాధ్యత పెట్టారు. ప్రతి సంవత్సరము సాక్ష్య వారము పెట్టి ఆ సామాన్య జనమును గుంపులుగా పొరుగు పల్లెలకు పంపేవారు. వారు ప్రసంగము చేయలేరు. ఒక పాట పాడేవారు, తమకు జరిగిన మేలు చెప్పేవారు. ఊరివారు వారి మాటలకంటె ముందు వారి మార్పును చూశారు. నిన్నటి త్రాగుబోతు ఈవేళ అప్పు తీర్చుకొని శుభ్రమైన బట్ట కట్టుకొని వచ్చుట ఊరికి పెద్ద పాఠము.

మా నాయనమ్మ అడిగిన ప్రశ్న

ఈ చరిత్ర నాకు పుస్తకములలోకంటె ముందు మా ఇంటిలోనే తెలిసినది. మా నాయనమ్మకు అక్షరము రాదు. ఆదివారము గుడిలో కీర్తనల పుస్తకము చేతిలో పట్టుకొనేది. ఒక్కొక్కసారి అది తలక్రిందులుగా ఉండేది. అయినా ఒక్క చరణము తప్పేది కాదు. మిరపకాయల తొడిమలు తీసే రోజులలో మమ్ములను చుట్టు కూర్చోబెట్టుకొని, ఒక కుప్ప ముగిసే లోపల ఒక ఆజ్ఞ చొప్పున మాచేత చెప్పించేది. పది కుప్పలకు పది ఆజ్ఞలు. కండ్లు మండుతూ ఉన్నా ఆ పాఠము ఈనాటికీ మరచిపోలేదు.

నేను పట్టణములో హాస్టలులో చదువుకొని సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, నా చదువు చూపించుకోవలెనని బైబిలు తీసి ఒక అధ్యాయము గడగడ చదివాను. ఆమె చివరివరకు కదలక విన్నది. విని, "చదివావు సరే. నాకేమి చెప్పావురా అయ్యా?" అని అడిగినది. నావద్ద జవాబు లేదు. నేను చదివినది నాకే అర్థము కాలేదు. నన్ను చిన్నబుచ్చకూడదని కాబోలు, ఆమెయే ఆ అధ్యాయములోని కథను మొదటినుండి తన మాటలలో చెప్పుకొనిపోయినది.

ఆమెకు పుస్తకములో లేని పాటలు కొన్ని వచ్చేవి. ఆమె తల్లి కాలములో పల్లెలోనే ఎవరో కట్టిన పాటలవి. వచ్చే సెలవులలో వ్రాసుకొందామని నేను అనుకొన్నాను. ఆ తరువాతి సెలవులకు అనుకొన్నాను. ఒక వేసవిలో ఆమె వెళ్ళిపోయినది. పాటలూ ఆమెతోనే వెళ్ళిపోయినవి. షుల్జ్ గారి వ్రాతప్రతులైనా హాలే పట్టణము చేరినవి. మా నాయనమ్మ పాటలు ఎక్కడా లేవు. ఆమె పంచుటకు సిద్ధముగానే ఉన్నది. నేర్చుకొనుటకు నేనే రాలేదు. గొలుసు తెగుటకు ఇది రెండవ విధము.

నేటి మన స్థితి

ఇప్పుడు మన ఇండ్లలో బైబిళ్ళు ఉన్నవి. టెలిఫోనులోనే బైబిలు చదువుకొనవచ్చును, వినవచ్చును. మన పిల్లలలో డాక్టర్లు, ఇంజనీర్లు, ఉపాధ్యాయులు ఉన్నారు. ఇందునిమిత్తము దేవునికి స్తోత్రము. కాని ఒక్క ప్రశ్న మనలను మనము వేసుకొనవలెను. వంద సంవత్సరముల క్రితము అక్షరము రాని తల్లి పది ఆజ్ఞలు నేర్చి పదిమందికి నేర్పినది. పట్టభద్రులమైన మనము ఈ సంవత్సరములో ఎవరికి ఏమి నేర్పినాము?

నేర్పుట పాస్టరుగారి పని, వినుట మన పని అని మనము పంచుకొన్నాము. ప్రసంగము బాగుంటే మెచ్చుకొంటాము, బాగుండకపోతే విమర్శిస్తాము. రెండు విధములుగాను మనము శ్రోతలమే. డోర్నకల్‌లో చేయి తలమీద పెట్టించిన బిషప్పుగారు మనకు ఈ పంపకము నేర్పలేదు. మరియొక సంగతి: ఇంగ్లీషు బడిలో చదివే మన పిల్లలలో అనేకులు తెలుగు బైబిలును తడబడకుండ చదవలేరు. అవ్వకు ఇంగ్లీషు రాదు, మనుమనికి తెలుగు అక్షరము రాదు. ఒకే ఇంటిలో ఇద్దరు విశ్వాసులు ఒకరి వేదము ఒకరికి అందకుండ జీవిస్తున్నారు. చదువురానివారు ఇక లేరని కూడ అనుకొనరాదు. 2011 జనాభా లెక్కలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత సుమారు 67 శాతమే. అంటే ముగ్గురిలో ఒకరికి పుస్తకము ఇచ్చి ప్రయోజనము లేదు. మన నోటి మాట కావలెను.

కనుక ఈ శతాబ్ది సందర్భమున నా చిన్న మనవులు మూడు. ప్రతి కుటుంబములోను వారమునకు ఒక రాత్రి టెలివిజను ఆపి, ఇంటిలోని అందరికంటె చిన్నవారు ఆదివారము విన్న పాఠమును తమ మాటలలో చెప్పవలెను, పెద్దలు వినవలెను. నేర్పితేనే నేర్చినది నిలుస్తుందని అప్పుడు పిల్లలకు తెలుస్తుంది. రెండవది, యౌవన సంఘమువారు మన వృద్ధులయొద్ద కూర్చొని వారికి వచ్చిన పాటలను, వారు ఎరిగిన సంఘ చరిత్రను వ్రాసి, వారి గొంతుతోనే రికార్డు చేయవలెను. ఈ సెలవులలోనే చేయవలెను. వచ్చే సెలవులని అనుకొనవద్దని అనుభవము మీద చెప్పుతున్నాను. మూడవది, చదువుకొన్న ప్రతివారు చదువురాని ఒక్కరికి అక్షరములు నేర్పవలెను. నేర్పుచూ వారియొద్ద ప్రార్థన నేర్చుకొనవలెను. ఎవరు గురువో, ఎవరు శిష్యుడో కొన్నాళ్ళకు మీకే తెలియకుండా పోతుంది. విశాఖపట్నములో ఆనందరాయర్ గారు, ఆ దొరలు కూర్చొన్నది ఆ విధముగానే.

యాకోబు తన పత్రికలో జ్ఞానము కొదువగా ఉన్నవాడు దేవుని అడుగవలెనని, ఆయన ధారాళముగా ఇచ్చునని చెప్పాడు. ధారాళముగా ఇచ్చువానియొద్ద పుచ్చుకొని పిసినారులమై దాచుకొనుట తగదు. రాఘవాపురపు వెంకయ్య, కాలువ గట్టు మీది పేరయ్య, పేరు తెలియని పంతులమ్మలు, పుస్తకము తలక్రిందులుగా పట్టుకొన్న అవ్వలు తమకు దొరికినది దొరికినట్లు పంచారు గనుక మనమున్నాము. రాబోయే వంద సంవత్సరముల సంఘము మన నోట విని పుట్టవలసి ఉన్నది. దేవుడు మన పెదవులను తెరచును గాక. ఆమేన్.